యువతలో వ్యసనం: సనాబిస్ నుంచి నిజామాబాద్ వరకు

హాని కళ్లముందు కనిపిస్తున్నా, మానేయాలని మనసులో ఉన్నా ఒక పదార్థాన్నో పనినో వదల్లేని స్థితిని వ్యసనం అంటారు. వైద్యులు దీన్ని మెదడుకూ ప్రవర్తనకూ సంబంధించిన దీర్ఘకాలిక రుగ్మతగా చూస్తారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం ఇందుకు 11 లక్షణాలు చెప్పింది. ఏడాదిలో వాటిలో రెండు కనిపిస్తే రుగ్మత మొదలైనట్టు, ఆరు కనిపిస్తే తీవ్రమైనట్టు. మద్యం, పొగాకు, గంజాయి, నల్లమందు జాతి మందులు, నిద్రమాత్రలు, ఉత్తేజకాలు ఈ జాబితాలో ముందునుంచీ ఉన్నవే. జూదం తర్వాత చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణలో వీడియోగేమ్‌ల వ్యసనానికీ చోటు దక్కింది.

పెద్దవాళ్లలో కనిపించే వ్యసనాల్లో ఎక్కువభాగం పాతికేళ్ల లోపు నాటుకున్నవే. అందుకే ఈ వ్యాసం యువత మీద, అందులోనూ గల్ఫ్‌తో ముడిపడ్డ తెలుగు యువత మీద దృష్టి పెడుతోంది. బహ్రెయిన్ రాజధాని మనామాను ఆనుకుని ఉన్న సనాబిస్ ఒక కొస, అక్కడికి మనుషుల్ని పంపే మన జిల్లాలు ఇంకో కొస. ఈ రెండింటి మధ్య ఒక నమ్మకం అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. కల్లుకో గంజాయికో అలవాటుపడ్డ కొడుకును ఇక్కడి తల్లిదండ్రులు "గల్ఫ్‌కు పంపితే దారిలో పడతాడు" అని అప్పు చేసి విమానం ఎక్కిస్తారు. అక్కడ చదువుకునే పిల్లాడు చెడు సావాసం పట్టాడని తెలిస్తే తండ్రి "ఊళ్లో నాయనమ్మ దగ్గరికి పంపేద్దాం" అంటాడు. చోటు మారితే వ్యసనం పోతుందన్న ఈ ఆశలో కొంత నిజం ఉంది, చాలా ప్రమాదమూ ఉంది.

మెదడులో ఏం జరుగుతుంది

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో ఒకచోట సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే అక్కడ స్వల్పంగా విద్యుత్తు తగులుతుంది. ఎలుకలు ఆ మీటను గంటలో వందలసార్లు నొక్కాయి. ఆకలి తీరినప్పుడు, ఆటలో గెలిచినప్పుడు, ఎవరైనా మెచ్చుకున్నప్పుడు పనిచేసే వ్యవస్థ అదే. దానిలో ముఖ్యమైన రసాయనం డోపమైన్. తిండి, ఆట, స్నేహం ఈ వ్యవస్థను మెల్లగా తడతాయి. నికోటిన్, హెరాయిన్, యాంఫెటమైన్ లాంటివి ఒక్కసారిగా కుదిపేస్తాయి. పీల్చిన నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడును చేరుతుంది. పదార్థం ఎంత వేగంగా చేరితే వ్యసనం అంత గట్టిగా పడుతుంది.

డోపమైన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనమని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. వుల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, కొన్నాళ్లకు డోపమైన్ కణాలు పళ్లరసం నోట్లో పడ్డప్పుడు కాక, రసం రాబోతోందని చెప్పే దీపం వెలిగినప్పుడే స్పందించడం మొదలుపెట్టాయి. 1993లో టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లారు. వ్యసనం ముదిరేకొద్దీ దాని వల్ల కలిగే ఆనందం తగ్గుతుంది, దానికోసం పడే ఆరాటం మాత్రం పెరుగుతుంది అన్నారు. "ఇప్పుడు తాగితే ఏమీ అనిపించట్లేదు, తాగకపోతే మాత్రం ఉండలేను" అని వ్యసనపరులు చెప్పే మాట అబద్ధం కాదన్నమాట. పాత స్నేహితుడి ఫోను, ఫలానా వీధి మలుపు, జీతం పడిన సాయంత్రం ఇవన్నీ షుల్ట్జ్ ప్రయోగంలోని దీపంలాంటివే. మానేసిన మనిషి ఏడాది తర్వాత కూడా ఆ మలుపు దగ్గర ఎందుకు తడబడతాడో ఇక్కడే తెలుస్తుంది.

యువతలో ఇంకో చిక్కు ఉంది. మెదడు అన్ని భాగాల్లో ఒకేసారి ఎదగదు. ఆరాటాన్ని పుట్టించే లోపలి భాగాలు పన్నెండు, పదమూడేళ్లకే జోరందుకుంటాయి. "ఆగు, తర్వాత ఏమవుతుందో చూడు" అని చెప్పే నుదుటి వెనక భాగం పూర్తిగా పక్వానికి రావడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. మధ్యలో ఉన్న పదీ పన్నెండేళ్లూ కుతూహలానిదే పైచేయి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఒకటి ఆడించారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కనున్నప్పుడు బాగా తెగించారు. 24 దాటినవాళ్లలో స్నేహితులు ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. తొలి సిగరెట్టును, తొలి పెగ్గును, తొలి గంజాయి దమ్మును పిల్లలు ఒంటరిగా కాక గుంపులో ఎందుకు మొదలుపెడతారో చెప్పడానికి ఈ ప్రయోగం చాలు.

రుచి చూసిన ప్రతివాడూ బానిస కాడు. 1994లో జేమ్స్ ఆంథోనీ బృందం అమెరికాలో వేసిన లెక్క ప్రకారం పొగాకు వాడినవాళ్లలో సుమారు 32 శాతం, హెరాయిన్ వాడినవాళ్లలో 23, కొకైన్ 17, మద్యం 15, గంజాయి 9 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారు. పెద్దలు తేలిగ్గా తీసుకునే పొగాకే అన్నిటికంటే పైన ఉంది. ఈ అంకెలు చూసి "నూటికి తొంభై మందికి ఏమీ కాదట" అని ధైర్యం తెచ్చుకునే కుర్రవాడికి ఇంకో లెక్క చూపించాలి. బ్రిడ్జెట్ గ్రాంట్, డెబోరా డాసన్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో 14 ఏళ్లకో అంతకుముందో మద్యం మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం మంది బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో ఆ వాటా సుమారు 10 శాతం. చిన్నవయసులో మొదలుపెట్టే పిల్లల ఇళ్లలో ముందునుంచే వేరే కష్టాలు ఉండటం కూడా ఈ తేడాకు ఒక కారణం. అయినా వాయిదా వేసిన ప్రతి ఏడాదీ ఎదిగే మెదడుకు లాభమే.

వంశపారంపర్యం పాత్ర 40 నుంచి 60 శాతం దాకా ఉంటుందని కవలల మీద జరిగిన అధ్యయనాలు అంచనా వేశాయి. మిగతాది బాల్యంలో పడిన దెబ్బలు, ఇంట్లో గొడవలు, నిరాదరణ, గుర్తించని దిగులు, ఆత్రుత, సరుకు ఎంత సులువుగా దొరుకుతుందన్న సంగతి.

సనాబిస్

మనామాకు పడమట ఉన్న సనాబిస్ ఒకప్పుడు ఖర్జూర తోటల పల్లె. పక్కన సముద్రాన్ని పూడ్చి కట్టిన సీఫ్ ప్రాంతం, దానా మాల్, బహ్రెయిన్ మాల్ వచ్చాక అది నగరంలో కలిసిపోయింది. జిద్ హఫ్స్, దైహ్ పల్లెలు ఆనుకునే ఉంటాయి. భారత రాయబార కార్యాలయం సీఫ్‌లోనే ఉంది. బహ్రెయినీ కుటుంబాల ఇళ్ల పక్కనే అపార్ట్‌మెంట్లలో భారతీయ కుటుంబాలు, బ్యాచిలర్ రూముల్లో కార్మికులు ఉంటారు. దేశ జనాభాలో సగానికి పైగా విదేశీయులే. వారిలో భారతీయులు 3 లక్షలకు పైమాటే.

అక్కడ పెరిగే తెలుగు పిల్లాడి ఏడాదిని చూస్తే సమస్య అర్థమవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగలు బయట ఆడే వీల్లేదు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఊపిరాడనివ్వదు. ఎండవేళ ఆరుబయట పనులు చేయించకూడదని ప్రభుత్వమే వేసవిలో నిషేధం పెడుతుంది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పోతే ఫ్లాటులో ఏసీ, వైఫై, పిల్లాడు మిగులుతారు. సాయంత్రమైతే మాల్, లేదా కింద ఉన్న కోల్డ్ స్టోర్. మన కిరాణా కొట్టుకు బహ్రెయిన్‌లో అందరూ వాడే పేరు అది. ఎనర్జీ డ్రింకు అక్కడ దొరుకుతుంది. వీటిమీద, పొగాకు మీద బహ్రెయిన్ 2017 డిసెంబరు 30 నుంచి నూటికి నూరు శాతం ఎక్సైజ్ పన్ను వేసింది. 2009 నాటి పొగాకు నియంత్రణ చట్టం 18 ఏళ్లలోపు వారికి సిగరెట్లు అమ్మొద్దంది. రెండూ మంచి అడుగులే. కానీ గుంపులో ఒక్కడికి పద్దెనిమిది నిండితే మిగతావారికీ సరుకు అందుతుంది.

గల్ఫ్‌లో యువతను అన్నిటికంటే ముందు పలకరించేది షీషా. మట్టి గిన్నెలో ఆపిల్, ద్రాక్ష, పుదీనా రుచులు కలిపిన తడి పొగాకు, దానిమీద అల్యూమినియం రేకు, రేకుమీద నిప్పు కణికలు. పొగ నీళ్లలో గుడగుడమంటూ చల్లబడి గొట్టంలోంచి వస్తుంది. గొంతు మండదు, దగ్గు రాదు. ఘాటు లేకపోవడంతో పిల్లలు భయపడరు, పెద్దలూ కాదనరు. నీళ్లు విషాన్ని వడగడతాయన్న నమ్మకం బలంగా ఉంది. అది తప్పు. గంట సేపు సాగే ఒక్క షీషాలో పీల్చే పొగ 100 సిగరెట్ల పొగకు సమానం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లోనే హెచ్చరించారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ దీనికి అదనం. షీషా తర్వాత వేప్, అంటే ఈ-సిగరెట్ వచ్చింది. భారత్ 2019లో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించడానికి కారణం కూడా పిల్లలు పండ్ల రుచుల దారిలో నికోటిన్‌కు చిక్కుకోవడమే.

మద్యం విషయంలో బహ్రెయిన్ పొరుగున ఉన్న సౌదీ అరేబియా, కువైట్ లాంటిది కాదు. లైసెన్సున్న హోటళ్లలో, దుకాణాల్లో అది దొరుకుతుంది. 1986లో తెరిచిన కింగ్ ఫహద్ వంతెన మీదుగా వారాంతంలో సౌదీ నుంచి వచ్చే జనం తాకిడి ఈ వ్యాపారాన్ని పెంచింది. బయటికి కనిపించనివి మాత్రలు. 1961లో జర్మనీలో మందుగా మొదలై తర్వాత నిషేధానికి గురైన క్యాప్టగాన్ పేరుతో ఇప్పుడు దొంగచాటుగా యాంఫెటమైన్ మాత్రలు తయారవుతున్నాయి, ఇది గల్ఫ్ అంతటికీ తలనొప్పి. పరీక్షల ముందు రాత్రి నిద్ర రాకుండా ఉండేందుకని, దూరప్రయాణంలో కునుకు పట్టకుండా ఉండేందుకని వీటి వాడకం మొదలవుతుంది. నొప్పికి రాసే ట్రమడాల్, నరాల జబ్బుకు రాసే ప్రెగాబలిన్ కూడా మందుల షాపు దాటి ఈ బాట పట్టాయి. మందులచీటీ మీద వచ్చిన మాత్రను చూసి కుటుంబం అనుమానించదు. అందుకే ఇది ఆలస్యంగా బయటపడుతుంది.

మన జిల్లాలు

తెలంగాణలో కల్లు వట్టి పానీయం కాదు. బోనాల్లో దేవతకు సాక పోస్తారు, పెళ్లిలో పంచుతారు, పండగపూట పిల్లలకూ ఒక గుక్క ఇస్తారు. చెట్టెక్కి గీత కార్మికుడు దించిన తాటికల్లును తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నష్టం చేస్తున్నది దాని పేరుతో అమ్ముడుపోయే మందునీళ్లు. చెట్లు తక్కువైన చోట నీళ్లలో చక్కెర, శాక్రిన్‌తో పాటు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్ కలిపి కల్లు అని సీసాల్లో నింపుతారు. ఇవన్నీ నిద్రపుచ్చే మందులు. వారాల తరబడి తాగితే మెదడు వాటి మీదే ఆధారపడుతుంది. 2015లో అధికారుల దాడులతో సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులు నిండిపోయాయి. వచ్చినవాళ్లకు చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, పొంతనలేని మాటలు మాట్లాడారు. చుట్టుపక్కలవాళ్లు పిచ్చి పట్టిందనుకున్నారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు.

గల్ఫ్‌కు ఎక్కువమందిని పంపేవి కూడా నిజామాబాద్ లాంటి ఉత్తర తెలంగాణ జిల్లాలే. ఇరవై రెండేళ్ల కుర్రవాడు రోజూ సాయంత్రం మందు కలిపిన కల్లు తాగి, వీసా రాగానే ఉన్నపళంగా బయల్దేరాడనుకుందాం. తాను అల్ప్రాజోలామ్‌కు అలవాటుపడ్డట్టు అతనికే తెలియదు, కల్లు తాగుతున్నాననే అనుకుంటాడు. బహ్రెయిన్‌లో దిగిన రెండో రోజో మూడో రోజో నిద్ర పట్టదు, ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. క్యాంపులో తోటివాళ్లు ఎండదెబ్బ అనుకుని నీళ్లు తాగిస్తారు. ఆ తర్వాత ఫిట్స్ రావచ్చు. అల్ప్రాజోలామ్ జాతి మందులనూ, ఎక్కువగా తాగే మద్యాన్నీ అకస్మాత్తుగా ఆపితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. వైద్యుల పర్యవేక్షణలో మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి. చోటు మార్చి వ్యసనం మాన్పిద్దామన్న ఆలోచన అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇక్కడే.

గంజాయి కథ వేరు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే సరుకు దేశమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో 2021-22లో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అయినా ఇంజనీరింగ్ కాలేజీల చుట్టూ చిన్న పొట్లాలు ఆగలేదు. మన దేశంలో 2018లో సర్వే చేసి 2019లో ప్రకటించిన లెక్కల ప్రకారం 10 నుంచి 75 ఏళ్లవారిలో 14.6 శాతం మంది మద్యం, 2.8 శాతం మంది గంజాయి రకాలు వాడుతున్నారు. ఆ నివేదికలో ఎక్కువ కలవరపెట్టే అంకె వేరే ఉంది. వైట్‌నర్, జిగురు లాంటివి పీల్చేవారు పెద్దల్లో 0.58 శాతమైతే 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.7 శాతం. డబ్బు లేని పిల్లలకు అందేది అదే మరి.

వలస కుటుంబాన్ని విడదీస్తుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి తండ్రులు వెళ్తారు. కడప, కోనసీమ వైపు నుంచి ఇళ్లల్లో పనికి తల్లులు కూడా వెళ్తారు. పిల్లలు నాయనమ్మ, అమ్మమ్మల చేతుల్లో పెరుగుతారు. నెలనెలా డబ్బు వస్తుంది, ఏటీఎం కార్డు పదహారేళ్ల కొడుకు చేతిలో ఉంటుంది, "ఎక్కడికి పోయావు" అని అడిగే గొంతు ఫోనులో ఉంటుంది. తండ్రి పంపే రియాళ్లు, దీనార్ల విలువ తెలిసినంతగా ఆయన లేని లోటు విలువ ఊళ్లో ఎవరూ లెక్కగట్టలేదు.

శిక్ష భయం, మౌనం

బహ్రెయిన్‌లో మత్తుపదార్థాల మీద 2007 నాటి 15వ నంబరు చట్టం అమల్లో ఉంది. అక్రమ రవాణాకు మరణశిక్ష దాకా పడవచ్చు. విదేశీయుడైతే జైలు తర్వాత దేశం నుంచి పంపేస్తారు. మనవాళ్లు తెలియక ఇరుక్కునే సందర్భాలూ ఉన్నాయి. "మావాడికి ఈ పచ్చడి డబ్బా ఇవ్వు" అని ఎవరో ఇచ్చింది మోసుకెళ్లి అందులో గంజాయి బయటపడి జైలు పాలైన కార్మికుల వార్తలు గల్ఫ్ అంతటా ఉన్నాయి. మసాలాకు వాడే గసగసాలు కూడా పలు గల్ఫ్ దేశాల్లో నిషిద్ధమే, అవి నల్లమందు మొక్క గింజలు కాబట్టి. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గుమందు వెంట ఉంటే మందులచీటీ తప్పనిసరిగా ఉండాలి.

కఠిన చట్టం సరఫరాను కొంత అడ్డుకుంటుంది. దాని రెండో ముఖం మౌనం. కొడుకు సంగతి బయటపడితే వీసా పోతుందని, బడి నుంచి తీసేస్తారని, పెళ్లి సంబంధం చెడుతుందని తల్లిదండ్రులు నోరు మెదపరు. వీసా కాలం దాటి ఖల్లివల్లిగా బతికే కార్మికుడైతే ఆసుపత్రి గడప తొక్కడానికే భయపడతాడు. ఈ మౌనంలో వ్యసనం రెండు మూడేళ్లు నిశ్చింతగా ముదురుతుంది.

చికిత్స

సల్మానియా ప్రాంతంలోని బహ్రెయిన్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అల్ మొయ్యద్ పేరిట వ్యసన చికిత్స విభాగం ఉంది. పాఠశాలల్లో హింస, వ్యసనాలకు వ్యతిరేకంగా పోలీసు శిక్షకులతో పాఠాలు చెప్పించే "మఅన్" కార్యక్రమం నడుస్తోంది. ఆపదలో ఉన్న భారతీయులకు ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్ అండగా నిలుస్తోంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఈ చికిత్స చేస్తాయి. భారత మత్తుమందుల చట్టం 1985లోని 64ఎ సెక్షన్ ప్రకారం స్వయంగా చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి కొద్దిపాటి సరుకు కేసుల్లో శిక్ష నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ సంగతి తెలిసిన కుటుంబాలు చాలా తక్కువ.

చికిత్సలో మొదటి దశ శరీరం నుంచి మత్తును సురక్షితంగా దింపడానికే సరిపోతుంది. అసలు పని తర్వాత నెలల తరబడి సాగే మాటల చికిత్సలో, దిగులుకో ఆత్రుతకో మందులో, కుటుంబంతో కలిసి కూర్చోవడంలో ఉంది. చికిత్స తీసుకున్నవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ ఒకసారైనా జారతారు. రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో మందులు మానేసి జబ్బు తిరగబెట్టేవారి వాటా కూడా ఇంచుమించు ఇంతే. బీపీ మళ్లీ పెరిగిన మనిషిని ఎవరూ ఇంట్లోంచి గెంటేయరు.

చోటు మార్పు గురించి ఉన్న గట్టి సాక్ష్యం వియత్నాం యుద్ధం నుంచి వచ్చింది. 1971లో తిరిగొచ్చిన అమెరికా సైనికుల్లో సుమారు 20 శాతం మంది అక్కడ హెరాయిన్ జాతి మందులకు బానిసలయ్యారని లీ రాబిన్స్ బృందం తేల్చింది. స్వదేశానికి వచ్చిన మొదటి ఏడాదిలో వారిలో మళ్లీ బానిసలైనవారు సుమారు 5 శాతమే. యుద్ధం లేదు, చవక హెరాయిన్ లేదు, ఇల్లూ ఉద్యోగమూ ఉన్నాయి. అంటే మారింది చోటు ఒక్కటే కాదు. బహ్రెయిన్ నుంచి ఊరికి వచ్చిన పిల్లాడికి చదువు తెగిపోయి, తెలుగు సరిగా రాక, ఇంటర్‌లో ఒంటరిగా మిగిలి, కొత్త గుంపు కల్లు కాంపౌండు దగ్గర దొరికితే అతనికి మేలు జరిగినట్టు కాదు.

దేశం మొత్తంగా పిల్లల పరిసరాలను మార్చి చూపించింది ఐస్‌లాండ్. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో ఒకసారైనా మత్తెక్కేలా తాగామన్నారు. 2016 నాటికి అది 5 శాతానికి పడిపోయింది. రోజూ సిగరెట్ తాగేవారు 23 శాతం నుంచి 3కి, గంజాయి రుచి చూసినవారు 17 నుంచి 7కి తగ్గారు. ఉపన్యాసాలు దంచి సాధించిన ఫలితం కాదది. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, చిన్నవయసువారు మద్యం, పొగాకు కొనకూడదంది, శీతాకాలం రాత్రి పదింటి తర్వాత 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు బయట తిరగకూడదంది, అమ్మానాన్నలు పిల్లలతో ఎక్కువసేపు గడపాలని గట్టిగా చెప్పింది. మంచుదేశంలో చీకటి కాలానికి పనికొచ్చిన ఉపాయం ఎడారి దేశంలో ఎండకాలానికీ పనికొస్తుంది. సనాబిస్ లాంటి చోట తెలుగు సంఘాలు పండగ కార్యక్రమాలకు పెట్టే శ్రద్ధలో కొంత జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏసీ హాలులో బ్యాడ్మింటన్‌కు, నాటకానికి, కోచింగుకు పెడితే పిల్లలకు సాయంత్రాలు నిండుతాయి.

ఇంట్లో పిల్లాడి నిద్ర వేళలు తారుమారైనా, పాత స్నేహితులు మాయమై కొత్తవాళ్లు చేరినా, డబ్బు లెక్క తేలకపోయినా, కళ్లు ఎర్రబడి మాట తడబడుతున్నా తిట్టడానికి ముందు కూర్చోబెట్టి అడగండి. ఊరు మార్చే టికెట్టు కొనే ముందు డాక్టరుకు చూపించండి. భారత్‌లో మత్తు విముక్తి సలహాకు 14446, మనసు బాగాలేనప్పుడు మాట్లాడేందుకు 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తాయి.